ఊస్పర్మ్ అంటే ఏమిటని అడిగావు

జులై 9, బుధవారం

వదినకు నమస్కారాలు.

నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. ఆ మర్యాద మనిద్దరి మధ్యా ఎన్నడూ లేదు గనక ఉన్నమాటే రాస్తాను. తింటున్నాను, పనికి వెళ్తున్నాను, ల్యాబు చలిలో నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. నీ నడుం నొప్పి ఎలా ఉంది? ప్రూఫులు దిద్దేటప్పుడు ఆ స్టూలు మీద కూర్చోవద్దని మొత్తుకుంటూనే ఉన్నాను. వీపు ఆన్చుకునే కుర్చీ కావాలని అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు, మీ ప్రెస్సు యజమాని పెడతాడా?

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ తీస్తున్నాను, చదువుతున్నాను, మళ్ళీ మడిచి పెడుతున్నాను. జవాబు ఆలస్యం కావడానికి ఒక కారణం ఉంది, అది కింద చెబుతాను.

నువ్వు అడిగింది ఒక్కటే. ఊస్పర్మ్ అంటే అసలు ఏమిటి, పెద్ద డాక్టరుగారు ఆ మాటని ఎలా వాడేవారు అని. మీ ప్రెస్సులో మూడు నిఘంటువులు వెతికినా లేదనీ, అట్ట ఊడిపోయిన నాలుగోదాంట్లో దొరికిందనీ రాశావు. అందులోనూ ఒక్క ముక్కేనట, ఫలదీకరణ చెందిన అండము అని. పక్కన బుల్లి అక్షరాల్లో ‘అరుదు’ అని. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దుతున్నదాన్ని, ఈ ఒక్క మాట దగ్గర పెన్సిలు కదలడం లేదు అన్నావు. ఆ తర్వాతి వాక్యమే నన్ను కూర్చున్న చోటునుంచి లేవనివ్వలేదు. మీ అన్నయ్య కోసం ఏడవాలంటే ఆయన పేరు పెట్టి ఏడుస్తాను పిట్టా, వీటి కోసం ఏమని ఏడవను, అన్నావు.

అందుకని నాకు తెలిసిందంతా రాస్తున్నాను. పెద్ద డాక్టరుగారు చెప్పగా విన్నదే రాస్తున్నాను, సొంత కవిత్వం ఏమీ కలపడం లేదు.

ఇంగ్లీషులో ఆ మాట మొదట రెండు ‘ఓ’లు ఉంటాయి. ఆ ముక్కకి గుడ్డు అని అర్థం, ఏదో పాత భాషలోంచి వచ్చింది. రెండో ముక్క విత్తు. గుడ్డూ విత్తూ కలిసి ఒకటైన కణం ఊస్పర్మ్. ఇప్పుడెవరూ ఆ మాట వాడరు. కాలేజీ పుస్తకాల్లో జైగోట్ అంటారు, తెలుగు పుస్తకాల్లో సంయుక్త బీజం అంటారు, మా ల్యాబులో కుర్రడాక్టర్లు ఏ దశలో ఉన్నా అన్నిటినీ ఎంబ్రియో అనేస్తారు. అది పెద్ద డాక్టరుగారికి ఒళ్ళుమంట. ఎంబ్రియో అంటే పిండం, అప్పటికే అది చీలి పెరుగుతూ ఉంటుంది, చీలకముందే పిండం అనడం పెళ్ళిచూపులనాడే సీమంతం మాట ఎత్తడం లాంటిది అనేవారు. మరి జైగోట్ అనొచ్చుగదా అంటే, ఆ మాటలో తల్లీ లేదు తండ్రీ లేదు, ఊరికే కలయిక అని ఉంది, ఇందులో ఇద్దరూ ఉన్నారు, ఇద్దరూ ఉన్న మాటని ఎందుకు వదులుకోవాలి అనేవారు. ఆయన దగ్గర ఆ మాట వయసు ఒక్కరోజే. గుడ్డు ఫలించిన గంట నుంచి అది రెండుగా చీలే దాకా. చీలిందంటే ఆ మాట తీసేసి ఇంకో మాట రాయాలి. రిజిస్టరులో ఎవరైనా రెండోరోజు కూడా అదే రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. నువ్వు ప్రూఫులు కొట్టేస్తావే, అలాగే.

అన్నయ్యవీ నీవీ అలా ఒకరోజు వయసులో దాచినవే.

ఆ సంగతి నీకు తెలుసు, కానీ ల్యాబు లోపలినుంచి అది ఎలా కనిపించిందో నీకు తెలియదు. నువ్వు పక్కగదిలో మత్తు దిగక పడుకుని ఉన్నావు. అన్నయ్య రక్తం రిపోర్టు వచ్చి అప్పటికి పద్దెనిమిది రోజులు. కేన్సరు మందు ఎక్కించడం మొదలుపెడితే ఇక పిల్లలు పుట్టే ఆశ ఉండదు, ముందే దాచుకోండి అని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. నేను పనిచేసే చోటే కాబట్టి పెద్ద డాక్టరుగారే స్వయంగా చూస్తానన్నారు. నీ దగ్గర తొమ్మిది అండాలు తీశారు. మర్నాడు పొద్దున ఐదు ఫలించాయి. నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి చూడమన్నారు. చూశాను వదినా. నీటిబొట్టంత స్వచ్ఛంగా, గుండ్రంగా ఉంది. దాని లోపల రెండు చిన్న గుండ్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నీది, ఒకటి అన్నయ్యది. ఇంకా కలిసిపోలేదు, కలవబోతున్నాయి. ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆ స్థితిలోనే చల్లబరిచి దాచేశాం.

అన్నయ్యకి చెబితే ఏమన్నాడో నీకు అప్పుడు చెప్పలేదు, నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుంటావని. ఐదింట్లో నా పోలిక ఏది పిట్టా, బట్టతల ఉన్నది ఏదో సరిగ్గా చూడు అన్నాడు. అన్నీ బట్టతలవేరా అన్నాను. అయితే అన్నీ నావే, మీ వదిన పోలిక ఒక్కదానికీ రాలేదు అని ఒకటే నవ్వు. షాపులో అద్దాలు కోస్తూ వేళ్ళకి చుట్టుకునే గుడ్డపేలికలు అప్పటికీ చేతికి ఉన్నాయి. ఆసుపత్రిలో చేరే రోజు దాకా పనిచేశాడు కదా మొండివెధవ.

అదే వారం వాడి వీర్యం కూడా రెండు గొట్టాల్లో దాచాం. మా దగ్గర అన్నీ ఒకే రకం సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, కాఫీ కలిపే పుల్లంత ఉంటాయి. ఐదూ రెండూ ఏడు. ఏడూ ఒకే గుత్తిగా, పొగలు కక్కే ద్రవ నత్రజని ట్యాంకులో ఉండేవి. ఒక్కో గొట్టం మీదా రెండు వరుసలు, పెద్ద డాక్టరుగారి చేతిరాత. పైన మనిషి పేరు, ఏడింటి మీదా అన్నయ్యదే, కింద లోపల ఏముందో ఆ మాట. ఫారం మీద అన్నయ్య నీ ఎదురుగానే సంతకం పెట్టాడు. తను పోతే వీర్యం తీసెయ్యాలి, ఆ ఐదూ ఏం చెయ్యాలో నీ ఇష్టం.

ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు. పదకొండు నెలలు వాడు పడ్డ పాట్లు మళ్ళీ రాయను. వాడు చనిపోయిన వారంలోనే పెద్ద డాక్టరుగారు తన సంతాన సాఫల్య కేంద్రాన్ని కొత్త యాజమాన్యానికి అప్పగించి ఇంటిపట్టున కూర్చున్నారు. కొత్తవాళ్ళు పాత ట్యాంకు మార్చాలన్నారు. చనిపోయినవాళ్ళ పేర్ల మీద ఉన్న వీర్యం తీసెయ్యమని జాబితా ఇచ్చారు. అందులో అన్నయ్య పేరు ఎదురుగా వీర్యం, ఏడు అని ఉంది. జాబితా రాసిన ఆఫీసు గుమాస్తాకి ఆ మాట తెలియదు. రెండు ‘ఓ’లనీ రెండు సున్నాలనుకుని, ఏదో వరస నంబరు కాబోలని, మిగిలిన ‘స్పర్మ్’ ఒక్కటే చదివి ఏడూ వీర్యం కిందే రాసేశాడు. ఆ రోజు గొట్టాలు తీసింది నేను. వేరేవాళ్ళు తీస్తామన్నా నేనే పట్టుబట్టాను, మన మనిషివి పరాయిచేతుల్లో ఎందుకని. నేను ఒక్కోటీ పైకి తీసి చెబుతుంటే పక్కన నర్సు టిక్కు పెట్టుకుంది. స్టీలు పళ్ళెంలో పెట్టాను. పైన పట్టిన మంచు నిమిషంలో నీళ్ళయింది. అంతే వదినా. చప్పుడు కూడా ఏమీ ఉండదు.

రెండు నెలల తర్వాత నువ్వు వచ్చావు. నీలంరంగు చీర కట్టుకుని, జుట్టు తడిగా, కొత్త ఫైలు పట్టుకుని వచ్చావు. ఒక్కదానితోనే మొదలుపెడదాం పిట్టా, మిగతా నాలుగూ ఆ తర్వాత చూద్దాం అన్నావు. నేను ట్యాంకు తెరిచి, అన్నయ్య గుత్తి ఉండాల్సిన అర ఖాళీగా ఉండటం చూసి, మూత చేత్తో పట్టుకుని అలాగే ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

విచారణ రోజు నువ్వు ఉన్నావు. పెద్ద డాక్టరుగారిని ఇంటినుంచి పిలిపించారు. చేతికర్ర పట్టుకుని వచ్చి, గోడపక్క కుర్చీలో కూర్చున్నారు. మామూలు మాట ఉండగా ఎవరికీ తెలియని మాట ఎందుకు రాశారు అని అడిగారు. నాకది సరైన మాట అనిపించింది అన్నారు. మీ సిబ్బందికి దాని అర్థం నేర్పారా అని అడిగారు. చేతికర్ర ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు. తర్వాత, లేదు, నేర్పలేదు, నా అహంకారం అన్నారు. అప్పుడు నువ్వు లేచావు. మీ గొప్పమాట నాకెందుకండీ, పదిమందికీ తెలిసిన మాట రాసి ఉంటే నావాళ్ళు నాకు ఉండేవాళ్ళు కదా అన్నావు. నీ గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు. అద్దెగదిలో మనిద్దరం కలిసి ఉన్న నాలుగేళ్ళలోనూ వినలేదు, మా ఇంటికి కోడలుగా వచ్చాకా వినలేదు. ఆయన నీకేసి చూసి, నిజమేనమ్మా అన్నారు. ఆ ఒక్క మాటే.

తీర్పు కాగితం నీ దగ్గర ఉంది. అరుదైన పదప్రయోగం వల్ల జరిగిన పొరపాటు, బాధ్యత పూర్వపు డాక్టరుది అని రాశారు. నన్ను హెచ్చరించి వదిలేశారు. కొత్త యాజమాన్యం ప్రకటన పేపర్లలో వచ్చాక, కేంద్రం గేటు మీద ఉన్న ఆయన పేరు పలక ఊడదీశారు. మేకులు పీకిన నాలుగు చిల్లులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇప్పుడు ఆలస్యానికి కారణం. పెద్ద డాక్టరుగారు పోయారు వదినా. పోయిన సోమవారానికి వారమైంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం టీ చల్లారిపోతోందని భార్య పిలిస్తే పలకలేదట. నేను వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల ఇళ్ళలో పిల్లల ఏడుపులు వినిపించేలా చేశారో ఆయన. చివరిచూపుకి వచ్చింది ఎనిమిదిమంది. అందులో ఇద్దరు పక్కింటివాళ్ళు. విచారణ తర్వాత తలుపు తీయడం మానేశారట, ఎవరైనా గంట కొడితే లోపలి గదిలోకి వెళ్ళిపోయేవారట.

ఆయన భార్య నన్ను వంటింట్లోకి పిలిచి కూర్చోబెట్టింది. ఆవిడ ఏడవలేదు. గిన్నెలు సర్దుతూనే ఉంది. ఆయనకి మాటలంటే పిచ్చి కదమ్మా, కూరలమ్మే మనిషిని కూడా నిలబెట్టి మాటల పుట్టుక చెప్పేవారు, అటువంటి మనిషి ఏళ్ళతరబడి పక్కన పనిచేసిన నీకు ఈ ఒక్క మాట చెప్పడం ఎలా మర్చిపోయారో నాకు అంతుపట్టడం లేదు అంది. నన్ను దెప్పడానికి అన్నది కాదు. నిజంగానే అడిగింది. నేను టీ తాగేసి వచ్చేశాను.

నువ్వు అడిగినదానికి జవాబు ఇంకా పూర్తికాలేదు. వీటిని ఏమని ఏడవాలి అన్నావు. బిడ్డలు అనమంటారా అని నేను ఆయన్నే అడిగాను ఒకసారి, వేరే ఎవరివో పాడైపోయినప్పుడు. బిడ్డ కాదమ్మా, అలాగని ఊరికే కణమూ కాదు, ఇద్దరు మనుషులు ఒక మాట ఇచ్చిపుచ్చుకున్నారు, ఇంకా నిలబెట్టుకోలేదు, అంతదాకా వచ్చింది, అన్నారు. నాకు అంతకంటే మంచి జవాబు తెలియదు. కావాలంటే ఆ మాటతోనే ఏడువు వదినా. అందులో నువ్వూ ఉన్నావు, అన్నయ్యా ఉన్నాడు. అరుదుగా వాడతారని రాస్తే రాసుకోనీ.

నీ ఉత్తరం చివర, నీమీద నాకు కోపం లేదు పిట్టా, తెలియక చేసినదానికి నిన్ను నువ్వు కొరుక్కు తినకు, వచ్చి నా దగ్గర ఉండు, పక్కగది ఖాళీగానే ఉంది అని రాశావు. ఆ వాక్యం మీద ఏం రాయాలో తోచక కాగితం మీద ఇంత ఖాళీ వదిలాను, చూస్తున్నావు కదా.

పనికి రాజీనామా ఇచ్చేశాను. నెలాఖరు దాకా ఉండమన్నారు. నీ ఆరోగ్యం జాగ్రత్త. కుర్చీ మాట మర్చిపోకు.

ఇట్లు
నీ ఆడపడుచు
పిట్ట

తా.క. సంతకం పెట్టి, కవరు అంచు తడిపి, అంటించకుండా ఆగిపోయాను.

పైన అంతా ఆయన చెప్పగా విన్నానని రాశాను. ఎప్పుడు విన్నానో రాయలేదు. నువ్వు విచారణ తర్వాత అనుకుంటావని నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట విన్నాను వదినా, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో. నల్లబల్ల మీద రాసి, విడగొట్టి చెప్పి, నా చేత పదిసార్లు రాయించారు. ఎర్ర సిరాతో కొట్టేసింది నా రాతనే. పాత రిజిస్టర్లలో ఆ మాట నా చేత్తో రాసింది వందలసార్లు ఉంటుంది. ఆ రిజిస్టర్లు స్టోరుగది పై అరలో ఉన్నాయి. విచారణలో ఎవరూ వాటిని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రోజు నేను రెండు సున్నాలు అనుకోలేదు. అసలు చదవలేదు. మొదటి గొట్టం పైకి తీయగానే పై వరుసలో అన్నయ్య పేరు కనిపించింది. వాడు పోయి అప్పటికి ఐదు వారాలు. ఆ పేరు చూడలేక కళ్ళు తిప్పేసుకుని, ఒకటి అని పైకి చెప్పాను. రెండు, మూడు, అలా ఏడు దాకా గోడవైపు చూస్తూనే లెక్క చెప్పాను. కింది వరుస ఒక్కసారి చూసినా చెయ్యి ఆగిపోయేది. చూడటం నా పని. అందుకే నాకు జీతం ఇస్తారు.

సిబ్బందికి నేర్పారా అని అడిగినప్పుడు పెద్ద డాక్టరుగారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. అది చూశాకే ఆయన లేదు అన్నారు. నువ్వు అరిచినప్పుడు కూడా ఇంకోసారి నావైపు చూశారు, ఇప్పుడైనా లేస్తానేమోనని. నేను లేవలేదు.

ఇదంతా విడిగా రాసి, నా చేతిరాత ఉన్న రిజిస్టరు పేజీలు జతచేసి, విచారణవాళ్ళకి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. రేపు పొద్దున ఆయన భార్య దగ్గరికి వెళ్తున్నాను. నీ పక్కగది ఇంకెవరికైనా అద్దెకి ఇచ్చెయ్యి. తెలియక చేసిన పిట్టని నువ్వు క్షమించావు. అలాంటి పిట్ట లేదు వదినా.